దానిదేముందమ్మా!

"పోస్టేజీ ఎంతయిందో చెప్పండంకుల్, ఇప్పుడే పంపించేస్తాను."

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అడిగినందుకు కాదు. ఈ ప్రశ్నకు తెలుగువాడి నోట వచ్చే జవాబు ఒకటే గనక: "అబ్బే, దానిదేముందమ్మా!" ఆ జవాబే వస్తుందని వాళ్లకు తెలుసు. వాళ్లకు తెలుసని నాకూ తెలుసు. అయినా తంతు నడవాల్సిందే. మొహమాటం నాది, జేబూ నాదే.

మా చిన్నాన్న కూతురు డాలస్‌లో ఉంటుంది. మిద్దెతోటలో కాసిన బీరకాయ ఫొటో చూసి, "అన్నయ్యా, నాలుగు గింజలు పంపవూ" అంది. చెల్లెలు కదా, సరేనన్నాను. తర్వాత చెల్లెలి స్నేహితురాలు, ఆవిడ తోడికోడలు, తోడికోడలి ఆఫీసులో ఇంకొకావిడ. వీళ్లందరికీ నేను అంకుల్‌ని.

మన దేశంలో ఈ గొడవ లేదు. గింజలు కావలసినవాడు తన చిరునామా రాసి, ఐదు రూపాయల స్టాంపు అంటించిన కవరు నాకు పంపుతాడు. ఇరవై గ్రాములు దాటకుండా చిక్కుడు గింజలు పోసి, మూతి అంటించి డబ్బాలో వేస్తాను. డబ్బు ప్రసక్తే రాదు, మొహమాటం ఊసే లేదు. కానీ అమెరికా స్టాంపు హైదరాబాదులో చెల్లదు. దాని మీద జెండా ఎంత రెపరెపలాడినా ఇక్కడ అది బొమ్మే.

ఈ చిక్కు పెద్దవాళ్లకు ఎప్పుడో తట్టింది. 1906లో రోమ్‌లో జరిగిన ప్రపంచ తపాలా మహాసభలో ఇంటర్నేషనల్ రిప్లై కూపన్ అనేది పుట్టించారు. గింజలు కావలసినావిడ అక్కడ కూపన్ కొని ఉత్తరంలో పెడుతుంది, నేను దాన్ని ఇక్కడ కౌంటర్లో ఇచ్చి, విదేశానికి మామూలు ఉత్తరం వెళ్లేపాటి స్టాంపులు పుచ్చుకుంటాను. దివ్యంగా ఉంది. చిన్న లిటిగేషన్ ఏమిటంటే, కూపన్ తెస్తే మార్చి ఇవ్వడం అన్ని దేశాల తపాలా శాఖలకూ విధి, అమ్మడం మాత్రం వాళ్ల ఇష్టం. అమెరికా 2013లో అమ్మకం మానేసింది. అంటే పుచ్చుకుంటారు గానీ ఇవ్వరు. మా బంధువుల్లోనూ ఈ పద్ధతి పాటించేవాళ్లున్నారు.

కూపన్ మాటొచ్చాక పోంజీగారిని తలుచుకోకపోతే మర్యాద కాదు. చార్లెస్ పోంజీ ఇటలీవాడు, బోస్టన్‌లో స్థిరపడ్డాడు. 1919లో స్పెయిన్ నుంచి ఆయనకొక ఉత్తరం వచ్చింది, లోపల జవాబు ఖర్చుకి కూపన్. నేనైతే జవాబు రాసేవాణ్ని. ఆయన లెక్క వేశాడు. యుద్ధం దెబ్బకి యూరప్‌లో డబ్బు విలువ పడిపోయింది కదా, అక్కడ చవగ్గా కూపన్లు కొని అమెరికాలో మార్చుకుంటే లాభమే లాభం! నలభై అయిదు రోజుల్లో నూటికి యాభై వడ్డీ అన్నాడు. 1920లో బోస్టన్ జనం నోట్లు పట్టుకుని వరస కట్టారు. చివరికి క్లారెన్స్ బారన్ అనే ఆర్థిక పత్రికల పెద్దమనిషి, ఈయన చెప్పే వ్యాపారానికి పదహారు కోట్ల కూపన్లు కావాలి, చెలామణీలో ఉన్నవి ఇరవై ఏడు వేలేనని తేల్చాడు. ఆగస్టులో అరెస్టు చేశారు.

మోసం సంగతి అటుంచండి, నాకు నిద్రపట్టని విషయం వేరే ఉంది. కూపన్ ఇస్తే చేతికొచ్చేది డబ్బు కాదు, స్టాంపులు! పదహారు కోట్ల కూపన్లకి స్టాంపులు ఇస్తే ఆయన వాటిని ఎక్కడ పెట్టుకునేవాడు? ఎవరికని ఉత్తరాలు రాసేవాడు? ఆ జనంలో ఒక్కరైనా ఈ ముక్క అడిగారా? అదే నాకిస్తే టెక్సాస్ మొత్తానికి బీర, కాకర, పొట్ల పంచి, పోస్టేజీ మాటెత్తకుండా బతికేవాణ్ని. ఈ రోజుకీ చిట్టీ డబ్బులతో ఉడాయించినవాడి గురించి రాస్తే పోంజీ పేరే వాడతారు. ఆయన కనీసం కూపన్‌ని కళ్లారా చూశాడు. నాకు ఆ భాగ్యమూ లేదు.

సరే, కూపన్ లేదు. పైగా లోపల సరుకు ఉంది గనక కస్టమ్స్ కాగితం నింపాలి. అందులో 'విలువ' అని ఒక గడి. నా మిద్దె మీద ఎండి రాలిన బీరగింజల విలువ ఎంత? అటువైపు చెల్లెలు అమెరికా వ్యవసాయ శాఖ దగ్గర పర్మిట్టు తీసుకుంది. పొట్లానికి ఒకే రకం, యాభై గింజలకి మించరాదు. కళ్లద్దాలు పెట్టుకుని లెక్కపెట్టాను. ఇంతా చేస్తే కవరు వెళ్లేది చెల్లెలింటికి కాదు, పచ్చా పసుపు లేబులు అంటించుకుని ముందు తనిఖీ కేంద్రానికి. అక్కడివాళ్లు నన్ను అంకుల్ అనరు, అదొక్కటే ఊరట.

సొంత కవరు పంపే పద్ధతి మా ఇంటికి కొత్తది కాదు. మా నాన్నగారు కథలు రాసేవారు. వారపత్రికలు అప్పట్లో తిరుగు స్టాంపులున్న కవరు జతచేయమనేవి, ఆయన తప్పకుండా చేసేవారు. అందుకని మా గుమ్మంలో పడే కవర్ల మీద ఎక్కువగా ఆయన దస్తూరీయే ఉండేది. లోపల ఏముందో చించకుండానే తెలిసిపోయేది. తిరస్కారానికి ముందే, తన చేతులతో తనే ఖర్చు కట్టి పంపుకునేవారని అప్పుడు నాకు తోచలేదు. ప్రచురించిన కథకి కవరు తిరిగి రాదు కాబట్టి, స్టాంపు నష్టపోయిన రోజే ఇంట్లో పాయసం.

ఇక పోస్టేజీకి బదులు గింజలు అంటారా, అవీ అటునుంచి నాకు రావు. విదేశీ విత్తనం మన గడప తొక్కాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం మనకూ పర్మిట్టు కావాలి, అక్కడివాళ్లిచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. చెల్లెలు పంపుతానన్న ఊదారంగు క్యారట్ గింజలకి అంత భాగోతం ఎందుకని నేనే వద్దన్నాను. బదులుగా కాసిన బీరకాయల ఫొటోలు పెడుతోంది. బ్రహ్మాండంగా కాశాయి. కిందటి ఆదివారం వాటితో పచ్చడి చేసి గుడిలో పదిమందికి పెట్టిందట. నా నంబరు కూడా ఇచ్చిందట.