బహిరంగ క్షమాపణ

ఎండీ గారికి పొద్దున్నే కాఫీ కంటే ముందు పచ్చరంగు కనపడాలి.

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు. క్యాబిన్‌లో గోడకి పెద్ద టీవీ. ఊళ్లోవాళ్లు, హైదరాబాద్‌వాళ్లు, డల్లాస్‌లో ఉన్నవాళ్లు ఆ కంపెనీ పచ్చళ్ల గురించి ఎక్కడ ఏ ముక్క రాసినా అందులో చుక్కై తేలుతుంది. మెచ్చుకుంటే పచ్చచుక్క, తిడితే ఎర్రచుక్క, ఎటూ తేల్చకపోతే బూడిదరంగు. పైన ఒక పెద్దంకె. మెచ్చినవాళ్లలోంచి తిట్టినవాళ్లని తీసేసి, మొత్తం మీద శాతం కడితే వచ్చే స్కోరది. వందమందిలో 70 మంది బాగుందని, 20 మంది బాగాలేదని, మిగతా పదిమంది ఊరికే ఏదో రాస్తే స్కోరు 50. తెల్లారేసరికి అది ఒక్క అంకె తగ్గిందంటే ఆఫీసులో ఎవరికీ టిఫిను గొంతు దిగదు. టీవీ ముందు కూర్చున్నంతసేపూ ఎండీ గారి ఫోను సైలెంట్‌లో ఉంటుంది. ఎవరు చేసినా ‘మీటింగులో ఉన్నాను, తర్వాత చేస్తాను’ అన్న మెసేజ్ దానంతటదే వెళ్లిపోతుంది.

ఫ్యాక్టరీ గన్నవరం అవతల. ప్రతి సీసా మీదా తలపాగా చుట్టుకుని, గుబురు మీసాలతో ఒక పెద్దాయన బొమ్మ ఉంటుంది. కంపెనీ పెట్టింది ఆయనే, ఎండీ గారి నాన్న. పగ్గాలు కొడుక్కిచ్చి ఇప్పుడు సొంతూళ్లో విశ్రాంతి తీసుకుంటున్నారు. ‘బొమ్మ పాతబడింది, కొత్త లోగో వేద్దాం’ అని కన్సల్టెంట్లు ఎంత పోరినా ఎండీ గారు ఒప్పుకోలేదు. ‘జనం కొనేది పచ్చడిని చూసి కాదండీ, ఆ మొహం చూసి’ అని తేల్చి చెప్పారు.

ఈ టీవీని అంటగట్టింది మాదాపూర్ నుంచి వచ్చిన సేల్స్ కుర్రాడు. అతని రెండో స్లైడులోనే ఎండీ గారికి చెమటలు పట్టాయి. 2008లో డేవ్ కారోల్ అనే కెనడా గాయకుడి గిటారు విమాన ప్రయాణంలో విరిగింది. షికాగోలో సామాన్లవాళ్లు దాన్ని విసరడం తోటి ప్రయాణికులు కళ్లారా చూశారు. నెలల తరబడి తిరిగినా యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైసా ఇవ్వనంది. మరుసటేడు జులైలో అతను దాని మీద పాట కట్టి యూట్యూబ్‌లో పెట్టాడు. లక్షలమంది చూశారు, సంస్థ పరువు వీధిన పడింది.

‘గిటారు రిపేరు ఖర్చు 1,200 డాలర్లు సార్. ఆ ఒక్క మనిషిని మొదట్లోనే కనిపెట్టి ఉంటే అంతటితో పోయేది’ అన్నాడు కుర్రాడు. ఎండీ గారు ఇంకా ఆలోచిస్తున్నట్టు కనపడితే గొంతు తగ్గించి, ‘అంత దూరమెందుకు సార్, మొన్న 2025లో మన దగ్గరే... రేటెక్కువని అడిగిన కస్టమర్‌కి ఒక పచ్చళ్ల వ్యాపారం నుంచి వెళ్లిన వాయిస్ మెసేజ్ ఏమైందో గుర్తుందిగా?’ అన్నాడు. ఎండీ గారు వెంటనే చెక్‌బుక్ తెప్పించారు.

టీవీని కనిపెట్టుకుని ఉండడానికి గుంటూరు నుంచి ఒక బీటెక్ అమ్మాయిని తీసుకున్నారు. ఆ అమ్మాయికి మొదటి నెలంతా తెలుగుతోనే సరిపోయింది. ‘మాగాయ అరాచకం’ అని ఎవరో రాస్తే ఎర్రచుక్క. ‘గోంగూరతో చంపేశారు బ్రో’ అంటే ఇంకా పెద్ద ఎర్రచుక్క. ‘మీకో దండం మహానుభావా, సీసా ఇంత అద్భుతంగా కారడం మీకే చెల్లింది’ అంటే మాత్రం పచ్చచుక్క. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లు ‘బాగుంది’ని తలా ఒక రకంగా రాస్తే అన్నీ బూడిదరంగే. వాటన్నిటినీ కూర్చుని చేత్తో దిద్దింది.

ట్రైనింగుకి వచ్చిన సేల్స్ కుర్రాడిని అడిగితే, ఈ విద్య నడక నేర్చుకున్నదే సినిమా రివ్యూల మీద అని చెప్పాడు. 2002లో కార్నెల్ యూనివర్సిటీలో బో పాంగ్, లిలియన్ లీ, ఐబీఎంలో శివకుమార్ వైద్యనాథన్ కలిసి, జనం ఇంటర్నెట్‌లో రాసిన సినిమా రివ్యూలు తీసుకుని, ఏది మెచ్చుకోలో ఏది తెగడ్తో మెషిన్ చేత చెప్పించారట. ఎన్ని పద్ధతులు మార్చినా 83 శాతం దాటి సరిగ్గా చెప్పలేకపోయింది. మాటలన్నీ తీయగా పేర్చి చివర్లో ఒక్క ముక్కతో తీసిపారేసే రివ్యూ దగ్గర మెషిన్ బోల్తా పడుతోందని వాళ్లే అందులో రాసిపెట్టారు. అప్పటికీ ఇప్పటికీ మెషిన్లు చాలా తెలివిమీరాయి గానీ ఆ చివరి ముక్కతో తంటా మాత్రం పూర్తిగా పోలేదన్నాడు. అమ్మాయి నోట్సు రాసుకుంది. ఎండీ గారు ఆ సమయానికి స్కోరు చూసుకుంటున్నారు.

మూడో నెలలో తగిలాడు ఆ మనిషి.

పేరు లేదు. ఫొటో ఉండాల్సినచోట వేపచెట్టు బొమ్మ. బూతు లేదు, వెటకారం లేదు, ఒక్క ఆశ్చర్యార్థకం లేదు. వారానికో పదిరోజులకో శుభ్రమైన తెలుగులో రెండు మూడు వాక్యాలు.

‘కాయలో ఉండే పులుపు వేరు, పైనుంచి పోసిన పులుపు వేరు. ఈ సీసాలో రెండోది ఉంది.’

‘పప్పునూనె అని లేబులు చెబుతోంది. మూత తీస్తే ముక్కు ఒప్పుకోవడం లేదు.’

‘రోహిణికార్తెలో పెట్టిన ఆవకాయ. వినాయక చవితికే ముక్క మెత్తబడింది. టెంక పట్టని కాయ కొట్టారు.’

ఇలాంటివాటిని దిద్దే పని అమ్మాయికి పడలేదు. మెషిన్ సరిగ్గానే చదివింది. పైగా ప్రతి పోస్టు కిందా ‘నిజమే’, ‘మా ఇంట్లోనూ ఇదే అనుకున్నాం’ అంటూ జనం చేరుతున్నారు. ఎక్కువమంది చేరేకొద్దీ చుక్క సైజు పెరుగుతుంది. దసరా వెళ్లేసరికి టీవీలో ఓ మూల అది అరచేతంత ఎర్రమచ్చ అయింది. బ్రాండుకి ఎవరివల్ల ఎంత చేటో వరస కట్టి చూపించే పట్టిక ఒకటుంది. అందులో పోటీ కంపెనీలని, వ్లాగర్లని దాటుకుని వేపచెట్టు మొదటి స్థానానికి వచ్చేసింది.

అమ్మాయి ఉండబట్టలేక ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. కాయ కొట్టే సెక్షన్లో పాత సూపర్‌వైజరు పోస్టులన్నీ చదివించుకుని విన్నాడు.

‘ఎవరోగానీ తల్లీ, చెయ్యి తిరిగిన మనిషి. పోయినేటి నుంచి పప్పునూనెలో తవుడు నూనె కలుపుతున్నాం. ఆవాలు ఎండబెట్టి పట్టించడం మానేసి పిండి మూటలు కొంటున్నాం. పులుపు చాలకపోతే ఎసిటిక్ యాసిడ్ ఉండనే ఉంది. లేబులు వెనక ఈ260 అని వేశాంగా. నేను చెప్పానని మాత్రం అనకు.’

పేరు ఎత్తకుండా ఆ ముక్కలే ఎండీ గారి చెవిన వేసింది.

‘ల్యాబ్ రిపోర్టు ఓకేనా?’

‘ఓకే సార్.’

‘మరింకేం? సమస్య పచ్చడిది కాదమ్మా, పర్సెప్షన్‌ది.’

పర్సెప్షన్‌కి వైద్యం మొదలైంది. ముందు మర్యాద. ‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది. దయచేసి మీ ఆర్డర్ నెంబర్ పంపండి’ అని వేపచెట్టుకి జవాబు పెట్టారు. ‘ఆర్డర్ నెంబర్ లేదు. నేను కొనలేదు. నెలనెలా ఇంటికే పంపుతున్నారు’ అని వచ్చింది.

ఎండీ గారు బల్ల చరిచారు. ‘చూశావా! కొననే లేదట. ఎవడో సీసాలు సరఫరా చేసి మరీ రాయిస్తున్నాడు. ఇది పోటీవాళ్ల పనే.’

తర్వాత ఎదురుదాడి. పాతికమంది చేత డబ్బిచ్చి ఫైవ్‌స్టార్ రివ్యూలు రాయిద్దామన్నారు. డబ్బిచ్చి రాయించిన రివ్యూలు పెట్టకూడదని బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చిందని అమ్మాయి గుర్తుచేసింది.

‘తప్పనిసరా?’

‘ప్రస్తుతానికి స్వచ్ఛందం సార్.’

‘అలా చెప్పు మరి’ అని ఎండీ గారు పాతికని యాభై చేశారు.

పచ్చచుక్కలు వడగళ్లలా రాలాయి. స్కోరు పెరిగింది. ఎర్రమచ్చ మాత్రం ఉన్నచోటే ఉంది. కొత్త రివ్యూల కింద కూడా జనం ‘ఆ వేపచెట్టాయన ఏమంటాడో చూద్దాం’ అని రాయడం మొదలుపెట్టారు.

ఇక చివరి మందు లాయరు. నోటీసివ్వాలంటే అడ్రసు కావాలి. ‘మీకోసం ప్రత్యేకంగా గిఫ్ట్ బాక్స్ పంపాలనుకుంటున్నాం’ అని అమ్మాయి చేత మెసేజ్ పెట్టించారు. ఐదు నిమిషాల్లో డోర్ నెంబరుతో సహా గుడివాడ వైపు ఒక పల్లెటూరి అడ్రసు వచ్చింది. దాని కింద ఇంకో వాక్యం ఉంది: ‘బాక్సు వద్దు. మనిషే రండి.’

అమ్మాయి ఫోను చేతిలో పట్టుకుని క్యాబిన్‌లోకి వెళ్లింది. ఎండీ గారు టీవీ మీంచి చూపు తిప్పకుండానే, ‘నాకెందుకమ్మా అడ్రసు, లాయర్ గారికి కొట్టెయ్’ అన్నారు. కొట్టేసింది. ‘వేపచెట్టు బొమ్మతో ఖాతా నడుపుతున్న వ్యక్తికి’ అని స్పీడ్ పోస్టులో నోటీసు వెళ్లింది. మా క్లయింటు కీర్తిప్రతిష్ఠలకి తీరని భంగం కలిగించినందుకు 15 రోజుల్లో బేషరతుగా, బహిరంగంగా క్షమాపణ చెప్పాలి. లేదంటే 50 లక్షల పరువునష్టం దావా.

నోటీసు చేరినట్టు కార్డు తిరిగొచ్చింది. వేపచెట్టు మూగబోయింది. వారం గడిచింది, పదిరోజులు గడిచాయి. టీవీలో మచ్చ రోజురోజుకీ చిన్నదైంది. ఎండీ గారు నోరారా నవ్వడం ఆఫీసువాళ్లు చాన్నాళ్ల తర్వాత చూశారు.

పదిహేనో రోజు డీలర్ల మీటింగు. రెండు రాష్ట్రాల నుంచీ వచ్చారు. హోటల్ హాలు నిండిపోయింది. స్టేజీ మీద పెద్ద తెర, దానికి రెండు పక్కలా నిలువెత్తు సీసా కటౌట్లు. సోషల్ మీడియాలో బ్రాండు పరువు ఎలా కాపాడుకోవాలన్న విషయం మీద ఎండీ గారు మాట్లాడుతున్నారు. విమర్శని ముందే పసిగట్టడం, దాని మూలం పట్టుకోవడం, తగిన చర్య తీసుకోవడం అని మూడు వేళ్లు చూపించారు. మూడో వేలు ఇంకా దించకముందే ఫోను మోగింది. డాష్‌బోర్డ్ అలర్టు. చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

‘మన నెంబర్ వన్ విమర్శకుడు ఇప్పుడే పోస్టు పెట్టాడు. మెషిన్ రిజల్ట్ చూడండి’ అంటూ ఫోను పైకెత్తారు. పచ్చచుక్క. పాజిటివ్. కాన్ఫిడెన్స్: హై. నమస్కారం, సంతోషం, క్షమాపణ, ధన్యవాదాలు అన్న నాలుగు మాటలు పట్టుకుని మెషిన్ దాన్ని ఆ రోజుకల్లా మేలైన పోస్టుగా పైన కూర్చోబెట్టింది.

హాలంతా చప్పట్లు.

‘పోస్టు తెర మీద వెయ్యమ్మా. మైకు తీసుకుని గట్టిగా చదువు. మా వాళ్లంతా వినాలి.’

అమ్మాయి అప్పటికే చదివేసింది. దగ్గరికొచ్చి మెల్లగా, ‘సార్, ముందు మీరొక్కరూ చూస్తే బాగుంటుందేమో’ అంది.

‘క్షమాపణ చెప్పినవాడికి లేని మొహమాటం నీకెందుకు? చదువు.’

చదివింది.

‘అందరికీ నమస్కారం. కంపెనీవారి నోటీసు అందింది. నేను రాసిన మాటల్ని ఇంత శ్రద్ధగా చదివేవాళ్లు అక్కడ ఒకరైనా ఉన్నారని తెలిసి సంతోషించాను. ఇవన్నీ ముందు ఫోన్లోనే చెబుదామనుకున్నాను. ఎప్పుడు చేసినా మీటింగులో ఉన్నామనే జవాబొచ్చింది. అందుకే ఇలా రాయాల్సి వచ్చింది.

బేషరతుగా, బహిరంగంగా క్షమాపణ చెప్పమన్నారు. మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఈ పచ్చడి కొనుక్కుని, బాగాలేదని పైకి అనలేక, పారేయడానికి మనసొప్పక, చివరిదాకా తిన్న ప్రతి ఇంటికీ నా క్షమాపణ. తప్పు మీది కాదు. మీరు నా మొహం చూసి కొన్నారు. ఇన్నాళ్లు నమ్మినందుకు ధన్యవాదాలు.

ఇట్లు,
సీసా మీది తలపాగా ముసలాడు.’