రెండో ఫోటో

ఎవరు పనికి వచ్చారు, ఎంత చేశారు, ఎంత కూలి ముట్టాలి అన్న లెక్కలను కాగితం నుంచి యంత్రానికి అప్పజెప్పడాన్ని కంపెనీల పరిభాషలో మానవ వనరుల సాంకేతికత అంటారు. ఆ యంత్రం సంస్థ లక్ష్యానికి పనికొస్తోందా, లక్ష్యమే యంత్రానికి ఊడిగం చేస్తోందా అన్న ప్రశ్న దాని నీడలా వెంట ఉంటుంది. ఆ ప్రశ్న మనిషి రూపం దాల్చి ఎండలో నిలబడితే ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాదు అద్దాల మేడల దాకా పోనక్కరలేదు, సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట వంటి ఊళ్లలో ఉపాధి హామీ పథకం మేటును చూస్తే చాలు. మేటు అంటే కూలీలకు పని చూపి, మస్టరు, అనగా హాజరు పట్టీ, వేసే వ్యక్తి. ఉపాధి హామీ పనిని జనం నేటికీ కరువు పని అనే పిలుస్తారు.

చంకలో మస్టరు, చెవిమీద పెన్ను ఉన్న కాలంలో మేటు చూపు మట్టిమీద ఉండేది. 2021 మేలో కేంద్రం ఎన్‌ఎంఎంఎస్ అనే హాజరు యాప్ తెచ్చి, 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా, అంతటా తప్పనిసరి చేశాక ఆ చూపు ఫోన్‌లోకి మారింది. ఉదయం హాజరుతో ఒక ఫోటో, నాలుగు గంటలు గడిచాక మరొకటి తీయాలి; రెండింటిమీదా స్థలం, సమయం నమోదవుతాయి. రాని వారి పేరిట కూలి కాజేసే దొంగ మస్టర్లను అరికట్టాలన్న ఉద్దేశంలో తప్పేమీ లేదు. తప్పల్లా మేటు ఆ రోజునుంచి పెళ్లి ఫోటోగ్రాఫరు కావడంలోనే ఉంది: "అక్కా, కొంగు తియ్యి, మొఖం వడ్తలేదు" అంటూ అతడు వరుసలు సరిచేసే సేపట్లో ఒక తట్ట మట్టి గట్టెక్కేది.

చిక్కు ఇంకొకటి ఉంది. ఈ పథకంలో కూలి తవ్విన మట్టి కొలతనుబట్టి వస్తుంది. 2025-26లో తెలంగాణకు ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలైనా, గుంత కొలత తగ్గితే కూలి కూడా తగ్గుతుంది. కొలిచేది టెక్నికల్ అసిస్టెంటు టేపు, నమ్మించేది మేటు ఫోటో. ఈ రెండింటికీ మాటల్లేవు. అందువల్ల వేసవి తెల్లవారుజామునే వచ్చి ఎండ ముదరకముందే తమ కొలత తవ్వేసుకున్నవారు కూడా ఇంటికి పోవడానికి వీల్లేక వేపచెట్టు కింద కూర్చుంటారు, సమయం కాగానే మేటు వారిచేత కడిగిన పారలు మళ్లీ మట్టిలో దింపించి, వంగమని చెప్పి, రెండో ఫోటో తీస్తాడు.

ఫోటోను ఫోటో తీసి ఎక్కించడం, పనికి సంబంధం లేని చిత్రాలు పెట్టడం వంటి విద్యలు దేశంలో పలుచోట్ల బయటపడడంతో, గ్రామ పంచాయతీ స్థాయిలో ఫోటోలన్నిటినీ నూటికి నూరుపాళ్లు మనుషులే సరిచూడాలని కేంద్ర శాఖ 2025 జూలైలో ఆదేశించింది. మనిషిని నమ్మలేక యంత్రాన్ని, యంత్రాన్ని నమ్మలేక మళ్లీ మనిషిని పెట్టిన ఈ ఏర్పాటును మేటు మాత్రం తన హోదా పెరగడంగానే భావించాడు.

సిగ్నలు లేనిచోట ఫోటో తీసి తరువాత పంపే వెసులుబాటు యాప్‌లో ఉన్నా, తీసిన ఫోటో చేరిన ఫోటో కాదన్నది అతడి సిద్ధాంతం కనుక, చెరువుకట్ట ఎక్కి, ఫోన్‌ను నెత్తికంటే ఎత్తులో పట్టుకుని, తెరమీద తిరిగే చక్రం ఆగేదాకా కదలడు. కింద నీడలో ఖాళీ సద్దిగిన్నెలు ముందేసుకుని కూర్చున్నవారిలోంచి ఒక ముసలమ్మ గొంతు పైకి వినిపిస్తుంది: "పోయిందా బిడ్డా?"

"తిరుగుతనే ఉన్నదవ్వా."