ఫ్రేమేశ్వర్రావు

అసలు పేరు వేరే ఉంది. ఆధార్ కార్డు మీదా, ఆఫీసు బ్యాడ్జీ మీదా అదే ఉంటుంది. కానీ ఆదివారం తెల్లారుజామున సైకిళ్లేసుకుని గండిపేట వైపు పోయే మా గుంపులో ఆ పేరు చెబితే ఎవరూ అని అడుగుతారు. ఫ్రేమేశ్వర్రావు అంటేనే గుర్తొస్తాడు. ఆయనకీ ఆ పేరంటే కోపం లేదు. ఇలాంటివాడు హైదరాబాదులోనే కాదు, విశాఖలోనూ ఉంటాడు, బెంగళూరులోనూ ఉంటాడు. డాలస్‌లో ఉన్నవాడికి సొంత గరాజ్ కూడా ఉంటుంది కనక అక్కడ జబ్బు ఇంకాస్త ముదిరి ఉంటుంది.

గుర్తుపట్టడం తేలికే. మౌంటెన్ బైక్ గురించి సమస్తం తెలిసి, మౌంటెన్ బైక్ లేనివాడెవడో వాడే ఈయన. షాపులో సిద్ధంగా ఉన్న బండి కొనుక్కోవడం ఆయన దృష్టిలో నామోషీ. ఫ్రేము విడిగా, ఫోర్కు విడిగా, చక్రాలు విడిగా కొని ఒక్కో బోల్టూ తన చేత్తో బిగించుకోవాలి. అందులో మొదటి మెట్టు ఫ్రేము ఎంచుకోవడం. ఆ మెట్టు మీద ఆయన ఎప్పట్నుంచి నిలబడ్డాడని అడగడం మర్యాద కాదు గానీ, అప్పుడు పొత్తిళ్లలో ఉన్న కొడుకు ఇప్పుడు పన్నెండో ఎక్కం అప్పజెబుతున్నాడు.

నాడా దొరికిందని గుర్రం కొనేవాణ్ని చూసి నవ్వుతాం. ఈయన నాలుగు నాడాలూ, జీనూ, కళ్లెమూ కొని అటక మీద పెట్టుకుని, వాటికి సరిపడే గుర్రం కోసం తిరుగుతున్నాడు. డిస్కౌంటు పడ్డప్పుడల్లా ఒక్కో సామాను ఇంటికొచ్చింది. వచ్చిన ప్రతిదీ ఒక షరతు పెట్టింది. వెనక హబ్బు బూస్ట్ రకం, వెడల్పు 148 మిల్లీమీటర్లు, కాబట్టి 142 ఫ్రేములు పక్కకి. సీటుని కిందికీ పైకీ జరిపే డ్రాపర్ పోస్టు 31.6, కాబట్టి 30.9 ఫ్రేములు పక్కకి. సన్నపోస్టుని లావుగొట్టంలో షిమ్ తొడుగు వేసి బిగించొచ్చు, లావుపోస్టుని సన్నగొట్టంలో దించడం బ్రహ్మతరం కాదు. ఆ 0.7 మిల్లీమీటర్ల మీద ఒక దసరా సెలవులన్నీ ఖర్చయ్యాయి. పోస్టు అమ్మేసి ఇంకోటి కొనుక్కోవచ్చుగా అన్నాను. మా ఇద్దరికీ కొన్నాళ్లు మాటల్లేవు.

ఇక కొలతలు. ఇన్‌సీమ్ అంటే కాలి లోపలి పొడవు తీసుకునే పద్ధతి ఒకటుంది. గోడకి వీపు ఆనించి, చెప్పుల్లేకుండా నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి రెండు కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తిడి ఉంటుందో అంత వచ్చేలా పైకి జరపాలి. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద పెన్సిలు గీత గీసి, నేల దాకా టేపు పట్టాలి. నేను వెళ్లేసరికి ఈ కార్యక్రమం నడుస్తోంది. ఆయన గోడకి అతుక్కుని ఊపిరి బిగబట్టాడు. వాళ్లావిడ మోకాళ్ల మీద కూర్చుని టేపు పట్టుకుంది.

"ఎనభై ఒకటి."

"ఎనభై ఒకటి మీద ఎంత?"

"కొంచెం."

"కొంచెమంటే?"

"కొంచెమంటే కొంచెమేనండీ. అక్కడ పాలు పొంగుతున్నాయి."

ఇంతలో పేపరు మడుచుకుంటూ వాళ్ల నాన్నగారు లోపలికొచ్చారు. తణుకు దగ్గర ఏదో ఊళ్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పుస్తకానికి పొరపాట్న కాలు తగిలితే కళ్లకద్దుకునే తరం. కొడుకు కాళ్ల మధ్య ఏముందో చూసి అక్కడే ఆగిపోయారు.

"ఒరేయ్! అది శబ్దరత్నాకరంరా!"

"గట్టి అట్ట ఇంట్లో దీనికే ఉంది నాన్నా."

"సీతారామాచార్యులుగారు నిఘంటువు రాసింది ఇందుకట్రా? నేను సర్వీసంతా ఒక్క అట్లాస్ మీదే లాక్కొచ్చాను. ఒక్కనాడైనా నా కాలెంతో దాన్ని అడగనివ్వలేదు."

పాపం మాస్టారికి తెలియదు, ఆ కొలత తీసుకున్నందుకూ ఫలితం దక్కలేదని. ఫ్రేమేశ్వర్రావు ఎత్తు 174 సెంటీమీటర్లు. ఒక కంపెనీ పట్టికలో మీడియం 175 దాకా, లార్జ్ 173 నుంచి. అంటే రెండూ సరిపోతాయి. మామూలు మనిషి దీన్ని అదృష్టం అనుకుంటాడు. ఈయన మాత్రం రెండింటికీ సరిపోయేవాడికి రెండూ సరిగ్గా సరిపోవని తేల్చుకుని, తన పుట్టుకే సరిహద్దు వివాదమని బాధపడ్డాడు.

ఆయన జ్ఞానాన్ని మాత్రం తక్కువ చేయకూడదు. నార్సింగి దగ్గర టిఫిన్ బండి వెనక నిలబడి పల్లీ చట్నీలో చూపుడువేలు ముంచి స్టీలు పళ్లెం మీద హెడ్ యాంగిల్ గీసి చూపించాడు నాకు. ముందు ఫోర్కు నేలకి ఎంత వాలుగా ఉంటుందన్నదే హెడ్ యాంగిల్. తొంభైల్లో వచ్చిన బళ్లలో 71 డిగ్రీల దగ్గర నిటారుగా ఉండేది. ఇప్పటి ట్రెయిల్ బళ్లలో 64, 65. ఎంత వాలితే ముందు చక్రం అంత ముందుకి పోతుంది, రాళ్ల దిగుడులో బండి బెదరదు, తొక్కేవాడు హ్యాండిల్ మీంచి ఎగిరి పడే గండం తగ్గుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం అదే చక్రం తాగినవాడిలా అటూ ఇటూ తూలుతుంది. 20 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్న ఫోర్కు తగిలిస్తే ఈ కోణం సుమారు ఒక డిగ్రీ వాలిపోతుంది. ఇంత విషయం పళ్లెం మీద ఉండగానే బండివాడొచ్చి ఇంకో ఇడ్లీ వేసి 65 డిగ్రీలని కప్పేశాడు.

లోహాల సంగతెత్తితే టీ చల్లారిపోవాల్సిందే. అల్యూమినియం కన్నా స్టీలు సుమారు మూడింతలు బరువు, బిగువూ సుమారు మూడింతలే. టైటానియం రెండిటికీ మధ్యలో. కాబట్టి లోహం పేరు చూసి ఫ్రేము గట్టిదా మెత్తనిదా చెప్పేవాడు అబద్ధం చెబుతున్నట్టే. గొట్టం ఎంత లావు, గోడ ఎంత పల్చన అన్నదాన్ని బట్టే ఉంటుంది అంతా. క్రోమోలీ స్టీలు గొట్టాల గోడ మధ్యలో అర మిల్లీమీటరు దాకా పల్చబడి, అతుకు పెట్టే కొసల్లో మందంగా ఉంటుంది. "అయినా ఒంటికి తగిలే కుదుపులో ఫ్రేము వాటా ఎంతండీ? 2.4 అంగుళాల టైరులో గాలి కాస్త తగ్గిస్తే అంతకు పదింతలు మెత్తన" అని ఆయనే అంటాడు. అని, ఇంటికెళ్లి మళ్లీ స్టీలా టైటానియమా అని తెల్లారేదాకా కూర్చుంటాడు.

ఆయనకి ఇష్టమైన పురాణం ఒకటుంది. అమెరికాలో కాలిఫోర్నియా, మారిన్ కౌంటీ. డెబ్బైల్లో కొందరు కుర్రాళ్లు పాత సామాన్లలోంచి 1930, 40ల నాటి ష్విన్ ఎక్సెల్సియర్ ఫ్రేములు ఏరి తెచ్చి, లావు టైర్లు తొడిగి కొండ దిగేవాళ్లు. 1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పందెం. ఆ బళ్లవి వెనక్కి తొక్కితే పట్టుకునే బ్రేకులు. ఒక్కసారి దిగేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగైపోయేది, మళ్లీ కూరాలి. అందుకే ఆ దిగుడు పేరు రీప్యాక్. 1977లో వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ అక్కడే ఈ పనికంటూ ప్రత్యేకంగా కొత్త ఫ్రేము తయారుచేశాడు. ఇది చెబుతుంటే ఫ్రేమేశ్వర్రావు గొంతు గద్గదమవుతుంది. ఆ కుర్రాళ్లు విరగని ఫ్రేము ఏది దొరికితే దానికే చక్రాలు బిగించారన్న ముక్క దగ్గరికి రాగానే మాత్రం కథ ముగించి టీ డబ్బులిస్తానంటాడు.

కొనకపోవడానికి పైకి చెప్పే కారణం ప్రమాణాల భయం. ఒకప్పుడు 26 అంగుళాల చక్రమే వేదం, ఇప్పుడు 29. వెనక ఇరుసు 135 నుంచి 142, అక్కణ్నుంచి 148. పెడల్ ఇరుసు దగ్గర మరలున్న బేరింగులు తీసేసి ప్రెస్‌ఫిట్ అన్నారు, అది కిర్రుకిర్రుమంటే మళ్లీ మరల దగ్గరికే వచ్చారు. నేడు కొన్నది రేపటికి పాతబడదా అంటాడు. మాట నిజమే. కానీ అసలు కారణం వాళ్లావిడ చెప్పింది. కిందటేడు అన్నీ కుదిరిన ఫ్రేము ఒకటి నిజంగానే దొరికిందట. రంగు ఎంత ముఖ్యం కాదో అంతకుముందు గంటసేపు ఆవిడకి బోధించాడట. తీరా చూస్తే ఆకుపచ్చ. "ఆర్టీసీ డిపో గేటు రంగండీ" అని కంప్యూటర్ మూసేశాడట.

చిత్రమేమిటంటే ఆయన సలహాతో బండి కట్టుకోనివాడు మా గుంపులో లేడు. ఎవరడిగినా పది నిమిషాల్లో తేల్చేస్తాడు. ఎత్తు అడుగుతాడు, ఎక్కడ తొక్కుతావని అడుగుతాడు, జేబులో ఎంతుందని అడుగుతాడు. "స్టీలు, మీడియం, మరలున్న బేరింగు, వెళ్లి తీసుకో. కోణాల గురించి బుర్ర పాడుచేసుకోకు" అంటాడు. ఒక్క సలహా తప్పు కాలేదు. మొన్న వానల్లో వాళ్లంతా వికారాబాద్ అనంతగిరి ఎర్రమట్టిలో పొర్లాడి వస్తే, ఆయన అపార్టుమెంటు సెల్లార్లో కూర్చుని అందరి గేర్లూ సరిచేశాడు. పనితనం అంత గొప్పది. పైసా పుచ్చుకోడు.

వాళ్లావిడ మాత్రం ఒక సాయంత్రం కూరగాయలకని వెళ్లి సైకిలుతో వచ్చింది. ముందు బుట్ట ఉంది, రంగు బాగుంది, షాపువాడు గంట ఉచితంగా ఇచ్చాడు. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ దారి మీద, ఆ 23 కిలోమీటర్లలో ఓపికున్నంత మేర, ప్రతి ఆదివారం తొక్కుతోంది. సైకిల్ని కారు వెనక తగిలించి అక్కడిదాకా తెచ్చేది మనవాడే. డిజిటల్ మీటరు పెట్టి గాలి చూస్తాడు, సీటు రెండు మిల్లీమీటర్లు ఎత్తుతాడు, ఆవిడ వెళ్లగానే దించుకోమని వెనకనుంచి కేకేస్తాడు.

కిందటి ఆదివారం అక్కడే కలిశాడు. తన సలహాతో కట్టిన కొత్త బండి మీద కుర్రాడొకడు మా ముందునుంచే పోయాడు.

"ఆ ఫ్రేము 148, పోస్టు 31.6, మరల బేరింగు. మీ అటక మీద సామానుకి అచ్చుగుద్దినట్టుంది. అదే తీసుకోకూడదూ?" అన్నాను.

"చూశానండీ. వెనక చైన్‌స్టే పొడవు 440 ఉంది. నాకు 435 కావాలి."

"ఆ అయిదు మిల్లీమీటర్లు ఎక్కడ తెలుస్తుందండీ?"

"మలుపుల్లో" అన్నాడు, వేలికి కారు తాళాలు తిప్పుకుంటూ.