ఆకు పనిచేసిందని తేల్చుకోవడం ఎలా?

షుగరుకి ఆకు వెతుక్కుంటున్నారా? పొడపత్రితో మొదలుపెట్టండి. నాలుగాకులు నమిలి, వెంటనే చెంచాడు పంచదార నోట్లో పోసుకోండి. ఇసుక నమిలినట్టుంటుంది. నాలుకకే తెలియని తీపి నెత్తురుకేం తెలుస్తుంది? సగం పరీక్ష అయిపోయినట్టే. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుకని కాసేపు ఏమారుస్తాయి గానీ, పొట్టలోకి దిగిన పంచదార ఎక్కడికీ పోదని మా మేనల్లుడు అంటాడు. బీఫార్మసీ చదివాడు, పట్టించుకోకండి.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వాళ్లు ఎర్రచందనం బెరడు మీద, మొగి నేరేడు గింజల మీద పరీక్షలు చేసి 2001లో అచ్చేశారు. ఇలాంటి పరీక్షలకి ముందు ఎలుకలకి అలాక్సాన్ ఎక్కిస్తారు. ఇన్సులిన్ తయారుచేసే కణాలు దెబ్బతిని వాటికి షుగరు వస్తుంది. అప్పుడు కొన్నిటికి సారం పోసి, కొన్నిటికి పోయకుండా ఉంచి పోల్చి చూస్తారు. కిలో బరువుకి ఇంతని తూకం కూడానూ. ఎంత చాదస్తం! మన అచ్చంపేటలో తూకాలన్నీ మిర్చికే. ఆకు గుప్పెడు, నీళ్లు చెంబెడు, అంతే.

మొదలుపెట్టడానికి మిర్చి కోతల కాలం మేలు. పొద్దస్తమానం చేలో తిరుగుతారు, రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తింటారు, ఒళ్లు తగ్గుతుంది. పేరు ఆకుకి.

షుగరు బిళ్ల మానకండి. మానేశానని మాత్రం ఊరంతా చెప్పండి. ఇదే అసలు కిటుకు. ఆ బిళ్ల మెట్‌ఫార్మిన్ కథ కూడా యూరప్‌లోని గలేగా అనే మొక్క దగ్గరే మొదలైంది. 1922లో తయారైతే, మనుషుల షుగరుకి పనికొస్తుందని ఫ్రాన్సు డాక్టరు జాన్ స్టెర్న్ చెప్పేసరికి 1957 అయింది. ముప్పై అయిదేళ్లు! మనకి మూడు రోజులు చాలు.

ఇక గ్లూకోమీటరు. మొదటి రోజు మామిడిపండు తిని, ఆ రసం వేలితోనే చుక్క తీయండి. 312 వస్తుంది. మూడో రోజు సబ్బుతో చేతులు కడుక్కుని, పరగడుపున చూడండి. 128. మధ్యలో వచ్చిన 240 ఎందుకు? పద్దుల పుస్తకం చివరి పేజీలో ఈ రెండే రాయండి, నడుమ బాణం గుర్తు పెట్టండి. హెచ్‌బీఏ1సీ అనే నెత్తురు పరీక్ష జోలికి పోవద్దు. అది మూడు నెలల బాగోతం బయటపెడుతుంది.

బజార్లో కొన్న ఆకుపొడి మరీ జోరుగా పనిచేస్తే ల్యాబుకి పంపకండి. అందులో ఎవరో నూరి కలిపిన ఇంగ్లీషు బిళ్ల బయటపడితే మీ పరీక్షే పాడు.

మొన్న మా బావ బిళ్ల వేసుకుని, రాత్రి తిండి మానేసి, పడుకోబోయే ముందు పొడపత్రి దండిగా నమిలాడు. కాసేపటికి చెమటలు, వణుకు. మా అక్క కంగారుగా గుప్పెడు పంచదార నోట్లో పోసింది.

"తియ్యగా లేదేమే?" అన్నాడట.

ఆకు పనిచేస్తోందని రాసుకున్నాను.