చెక్‌లిస్టుకు ‘మమ’ అనడం ఎలా?

మలేసియాలో తెరెంగాను తీరాన ఉన్న కెర్తే నుంచి దక్షిణ చైనా సముద్రంలోని చమురు వేదికలకు హెలికాప్టర్ నడపబోతున్న మన తెలుగు కుర్రాళ్ల కోసం ఈ చిట్కాలు. నవంబరు నుంచి మార్చి దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. ఆకాశం, సముద్రం ఒకే బూడిదరంగులో కలిసిపోయే రోజులు చాలానే ఉంటాయి. పరికరాలను చూసుకుంటూ ఎగరాల్సిందే. అయినా కంగారు పడకండి.

చెక్‌లిస్టును కో-పైలట్ చదవాలి, మీరు ‘మమ’ అనాలి. పురోహితుడు మంత్రం చదువుతుంటే యజమాని ఫోను చూసుకుంటూ అనడం లేదూ, అలాగే. అల్టీమీటర్? ‘సెట్.’ ఎంతకి సెట్ చేశారని అడిగేవాడు ఉత్త చాదస్తుడు. మీరు 1013 మీద వదిలేశారు, అక్కడి పీడనం 1009 అనుకుందాం. మీటరు చూపే ఎత్తుకన్నా నూరడుగులకు పైగా కిందుంటారు, అంతేగా! రాడార్ సాయంతో రెండు మూడొందల అడుగుల ఎత్తున వేదికను వెతుక్కుంటున్నప్పుడు నూరడుగులు ఒక లెక్కా?

వేదిక కనబడకపోతే ఎటు తిరగాలి, ఎంత ఎత్తుకెక్కాలి అని ముందే మాట్లాడుకోకండి. శుభమా అని బయలుదేరుతూ అపశకునం మాటలెందుకు? అసలు కనబడకపోతే వేగం తగ్గించి తొంగిచూడండి. పరికరాల మీద ఎగరడానికి ప్రతి హెలికాప్టరుకూ ఒక కనీస వేగం నిర్ణయించారు గానీ, నిర్ణయించినవాళ్లు మీ పక్కన కూర్చోరు కదా.

మబ్బులో మీ ఒంటికి ఏది తిన్నగా అనిపిస్తే అదే తిన్నన. 1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం పరికరాల శిక్షణ లేని 20 మందిని పరీక్షిస్తే సగటున 178 సెకన్లలో అదుపు తప్పారు. అయితే అది విమానం. ఆటోపైలట్ ఆపేసిన హెలికాప్టరులో అంతసేపు ఎదురుచూడక్కర్లేదు.

ఇక హెచ్చరిక దీపం వెలిగితే ఇద్దరూ పుస్తకంలో తల దూర్చండి. ఒకరు నడుపుతుంటే ఒకరు వెతకాలన్నది పాతకాలపు పద్ధతి.

ఇక్కడ మాత్రం వెటకారం పక్కన పెడతాను. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన బెల్ 430 నల్లమలలో కూలింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌కు సంబంధించిన సూచనల కోసం పైలట్లు అత్యవసర చెక్‌లిస్టులో దాదాపు ఆరు నిమిషాలు వెతికారనీ, అవి దొరకలేదనీ దర్యాప్తు నివేదిక చెప్పింది. బయట క్యుములోనింబస్ మేఘాలు. హెలికాప్టరులో ఉన్న ఐదుగురూ చనిపోయారు.

అది చదివాక కూడా పై చిట్కాలే నచ్చితే, వెనక సీట్లలోని వాళ్లకు ఎక్కకముందే చెప్పండి. కావాలంటే వాళ్లు పడవలో వెళ్తారు.