అంతా స్కెచ్చే

ఊళ్ళో రావిచెట్టు ఉన్నా లేకపోయినా, ఒక స్కెచ్ బాబాయి మాత్రం తప్పకుండా ఉంటాడు. రేషన్ కార్డులో ఆయనకి వేరే పేరేదో ఉంటుంది. అది రేషన్ డీలరుకి తప్ప ఎవరికీ తెలియదు. ఉద్యోగం చేసి రిటైరై ఉంటాడు, లేదా చేయకుండానే రిటైరై ఉంటాడు. పొద్దున్నే కోర్టు సెంటర్లోనో, బస్టాండు ఎదురుగానో, టీ బంకు బల్లమీద పేపరు మడిచి పట్టుకుని దర్శనమిస్తాడు. వార్త చదవడు, వార్త వెనకాల ఏముందో చదువుతాడు. అది ఏ పేపర్లోనూ అచ్చవదు కాబట్టి, పేపరు తలకిందులుగా పట్టుకున్నా ఆయనకి ఇబ్బంది లేదు.

బాబాయి దగ్గర గుప్పెడు ఇంగ్లీషు మాటలుంటాయి. లోకాన్ని నడపడానికి అవి చాలు. మంత్రి రాజీనామా చేస్తే డ్రామా, చేయకపోతే సెట్టింగ్. చేస్తానంటే ఫీలర్ వదిలినట్టు, చేయనంటే కవరింగ్. ఆ మంత్రికే జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడుకుంటే డైవర్షన్.

"దేన్నుంచి డైవర్షన్ బాబాయ్?" అని అడిగామా, జాలిగా చూస్తాడు. "అది తెలియనివ్వకపోవడమేరా డైవర్షనంటే!"

ఈ నిర్వచనాన్ని ఓడించినవాణ్ని నేనింకా చూళ్ళేదు.

ఆయన ఇంగ్లీషును ఆశ్రయించింది చదువు ఎక్కువై కాదు, ఒంటిమీద ప్రేమ కొద్దీ. ఎదుటివాణ్ని పట్టుకుని "మోసం చేశావురా" అంటే చొక్కా పట్టుకుంటాడు, సాక్ష్యం చూపించమంటాడు. అదే "ఏం గేమ్ ప్లాన్ అబ్బాయ్!" అంటే మెలికలు తిరిగి టీ ఇప్పిస్తాడు. సగం ఊరిని దొంగల్ని చేసి కూడా బాబాయి ఇన్నేళ్ళలో ఒక్క దెబ్బ తినలేదు.

2024 జూలై 1న మాత్రం గట్టి దెబ్బే తగిలింది. 1860 నాటి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసానికి వాడుతున్న 420 కాస్తా 318 లోకి వెళ్ళిపోయింది, అదీ నాలుగో ఉపసెక్షన్‌గా. రాజ్‌కపూర్ 1955లోనే సినిమా పేరులో పెట్టుకున్న అంకె అది! "త్రీ ఎయిటీన్‌గాడంటే ఎవడికి గుచ్చుకుంటుందిరా? రైలు నంబర్లా ఉంది" అని బాబాయి రెండు టీలు తాగేదాకా కోలుకోలేదు. మూడో టీకి మొహం వెలిగింది. "దేశంలో ఫోర్ ట్వంటీగాళ్ళందర్నీ ఒక్క రాత్రిలో క్లీన్ చేసేశారు చూశావా? ఏం స్కెచ్చురా!"

అప్పుడప్పుడు ఆయన మాట నిజమూ అవుతుంది, అదే మన ప్రాణానికొచ్చింది. డమ్మీ అభ్యర్థుల గురించి ఆయన చెప్పేదాన్లో అతిశయోక్తి లేదు. 2014 లోక్‌సభ ఎన్నికల్లో ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్‌లో అసలు అభ్యర్థి పేరును పోలిన పేర్లతోనే చందు సాహుల దండు దిగింది. అసలు చందూలాల్ సాహు 1,217 ఓట్ల తేడాతో బయటపడ్డాడు. మరుసటేడు నుంచి ఓటింగ్ యంత్రం మీద పేరు పక్కన ఫొటో పెట్టడం మొదలైంది. ఇది చెప్పిన రోజు బాబాయితో వాదించి లాభం లేదు. ఇంటికెళ్ళిపోవడం మేలు.

టీవీలో క్రికెట్టొస్తే, ఒకవైపు తిరుగుతుందనిపించి మరోవైపు తిరిగే గూగ్లీ బంతి ఆయన ఇష్టదైవం. దాన్ని కనిపెట్టిన బోసాంకెట్ అనే ఇంగ్లండు ఆటగాడు, బల్లమీద టెన్నిస్ బంతిని ఎదుటివాడికి అందకుండా తిప్పే ఇంటి ఆటలో ఆ విద్య పట్టాడు. 1900లో లార్డ్స్ మైదానంలో దాంతో తొలి వికెట్ తీశాడు. ఆ బంతి నాలుగు గెంతులేసి వెళ్ళింది. 98 పరుగుల దగ్గరున్న శామ్యూల్ కో, పాపం, స్టంపౌటయ్యాడు. నాలుగు గెంతులంటే చెయ్యి జారిన బంతేగా అని నేనంటే బాబాయి కొట్టిపారేశాడు. "ఒక్క గెంతు వేస్తే బ్యాట్స్‌మన్ జాగ్రత్తపడతాడు. నాలుగు గెంతుల బంతికి ఎవడు జాగ్రత్తపడతాడ్రా? అదీ బ్లఫ్ అంటే!"

ఆయన లోకంలో చెయ్యి జారడం ఉండదు. మరుపు, బద్ధకం, మొద్దుతనం కూడా ఉండవు. కొత్త రోడ్డు వేసిన వారానికే మునిసిపాలిటీవాళ్ళు పైపు కోసం తవ్వితే మనం వాళ్ళకి బుర్ర లేదంటాం. బాబాయి ఒప్పుకోడు. అంత బుర్రలేనివాళ్ళు ఎక్కడైనా ఉంటారా, దాని వెనక ఎవడో మహా మేధావి ఉన్నాడంటాడు. సాటి మనుషుల తెలివి మీద ఇంత గురి ఉన్నవాడు మరొకడు దొరకడు. పొద్దున పేపరు చదివి దిగులుపడేది మనం. ఆయన చప్పట్లు కొట్టినంత పని చేస్తాడు.

ఇంట్లో పిన్నిగారు ఓ రోజు, "సాంబార్లో ఉప్పు మరిచిపోయానండీ" అంది. బాబాయి చెయ్యి కడుక్కుని లేచాడు. "బీపీ మాత్రలు తేలేదని ఇండైరెక్టుగా కొడుతున్నావు కదూ" అంటూ మందుల షాపుకి వెళ్ళి నెలకి సరిపడా తెచ్చాడు. ఆవిడ నిజంగానే మరిచిపోయింది. మాత్రలు మాత్రం దాచుకుంది.

ఇన్ని పట్టుకున్న మనిషి, టీ బంకు ఖాతా పుస్తకం మాత్రం ఏనాడూ విప్పి చూడడు. నెలాఖరుకి ఎంతంటే అంత లెక్కపెట్టి ఇచ్చేస్తాడు. ఒకసారి చూసుకోవచ్చుగా బాబాయ్ అన్నాను.

"వాడికి ఇంగ్లీషు ముక్క రాదురా. వాడేం స్కెచ్చు వేస్తాడు?"

ఆ మాట అంటుండగానే బంకువాడు చెవిమీది పెన్సిలు తీసి, నేను తాగిన టీ కూడా ఆయన పేజీలోనే రాసుకున్నాడు. నేను చూశాను. అల్లం బాగా దంచి వేశాడు, టీ అమోఘంగా ఉంది.