చుక్కల పట్టాదారులు

ధనుర్మాసం మొదలయ్యే డిసెంబరు నడిమి నుంచి కనుమ నాటి రథం ముగ్గుతో సంక్రాంతిని సాగనంపే వరకు, తెలుగువారి ఫేస్‌బుక్ గ్రూపుల్లోనూ యూట్యూబు ఛానళ్లలోనూ ఒక విశిష్టమైన న్యాయశాస్త్రం ఏటా అమలులోకి వస్తుంది. దీన్ని ఏ చట్టసభా ఆమోదించలేదు, ఏ లా కాలేజీలోనూ బోధించరు. అయినా సరదా కొద్దీ ముగ్గులు వేసి, ఫోటోలూ వీడియోలూ తీసి నలుగురితో పంచుకునేవారి మధ్య ‘ఇది నా డిజైను, నువ్వు కాపీ కొట్టావు’ అన్న తగవు పుట్టినప్పుడు వాది, ప్రతివాది, చోద్యం చూసేవారు అందరూ తలవంచేది ఈ శాస్త్రానికే. ఇంతటి శాస్త్రం ఇప్పటివరకు గ్రంథస్థం కాకపోవడం విచారకరం కనుక, దాని మూలసూత్రాలను వరసగా వివరించి, దేశంలో అమలులో ఉన్నదని చెప్పుకునే మరొక చట్టంతో, అంటే 1957 నాటి కాపీరైట్ చట్టంతో, వాటిని సరిచూడటం అవసరం.

మొదటి సూత్రం: ముందు అప్‌లోడ్ చేసినవారిదే ముగ్గు. ఈ సూత్రం లోతు తెలియాలంటే ఒక ముగ్గును దగ్గరగా చూడాలి. ‘15 చుక్కలు, 8 వచ్చే వరకు సందు చుక్క’ అంటే, నడిమి వరసలో 15 చుక్కలు పెట్టి, దానికి పైనా కిందా వచ్చే ప్రతి వరసలో చుక్కను అంతకుముందు వరసలోని రెండు చుక్కల సందుకు ఎదురుగా పెడుతూ, వరసకొకటి చొప్పున తగ్గించుకుంటూ 8 దగ్గర ఆపడం. అప్పుడు 15 వరసల్లో 169 చుక్కలతో ఆరు మూలల ఆకారం ఏర్పడుతుంది. ఈ 169 చుక్కల మీద తామరలు, చిలకలు, మెలికలు వేసిన చేతులు ఎన్ని తరాలవో లెక్క లేదు. గళ్ల నోటుపుస్తకాల్లోనూ, బజార్లో అమ్మే ముగ్గుల పుస్తకాల్లోనూ, వారపత్రికల సంక్రాంతి పేజీల్లోనూ అవి ఇంటింటికీ తిరిగాయి. అయితే ఆ అమ్మమ్మల్లో ఎవరికీ ఛానలు లేదు, అప్‌లోడ్ తేదీ అంతకన్నా లేదు; తేదీ చూపలేని వారసత్వానికి ఈ శాస్త్రంలో విలువ సున్నా. ఊరుమ్మడి పోరంబోకులో రాత్రికి రాత్రి హద్దురాళ్లు పాతినవారికి తెల్లవారేసరికి పట్టా చేతికి ఇచ్చి, తాతల నాటి నుంచి ఆ దారిన నడుస్తున్నవారిని ఆక్రమణదారులుగా ప్రకటించే రెవెన్యూ విధానం ఎక్కడైనా ఉంటే అది దీనికి సాటి రావచ్చు.

రెండవ సూత్రం: ఎవరి వాటర్‌మార్కు పడితే వారిదే బొమ్మ. బొమ్మ మీద అడ్డంగా పలచగా కనిపించేలా వేసే పేరును వాటర్‌మార్కు అంటారు. అది కర్త ఎవరో తెలియజేయడానికి పుట్టినదే అయినా, ఈ శాస్త్రంలో కర్తను తయారు చేసే శక్తి కూడా దానికి అబ్బింది. ఎక్కడో దొరికిన ఫోటోను కత్తిరించినప్పుడు పాత వాటర్‌మార్కులోని ‘గ్గులు’ అన్న రెండక్షరాలు మూలన మిగిలిపోగా, వాటి పక్కనే కొత్త పేరు నిండుగా వేసి, దాని కింద ‘కాపీ చేస్తే చట్టపరమైన చర్యలు తప్పవు’ అని హెచ్చరించే బొమ్మలు ఈ విద్యలో ఆరితేరినవారి పనితనానికి నిదర్శనాలు. ఆ హెచ్చరికను తీర్చిన అక్షరాలు మండలి, రామభద్ర వంటి ఖతుల్లో ఉంటే ముచ్చట మరింత పండుతుంది, ఎందుకంటే ఆ ఖతులను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునంటూ స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేశారు. ఇతరులు ధారపోసిన అక్షరాలతోనే ‘ముట్టుకోవద్దు’ అని రాయడం ఈ సంప్రదాయంలో తప్పు కాదు. ప్రచురించిన ప్రతి మీద కర్తగా ఎవరి పేరు ఉంటుందో వారినే కర్తగా భావించే వెసులుబాటు 1957 చట్టంలోనూ ఉన్న మాట నిజమే. కాని అది ఎదుటివారు కాదని రుజువు చేసేంతవరకే నిలిచే ఊహ మాత్రమే గాని, పేరు రాసిన మరుక్షణం పండే వరం కాదు.

మూడవ సూత్రం ప్రాయశ్చిత్తానికి సంబంధించినది. ఇతరుల బొమ్మను అడగకుండా తీసుకున్నవారు దాని కింద ‘క్రెడిట్స్ టు ది ఒరిజినల్ ఓనర్’ అన్న మంత్రాన్ని రాస్తే సకల దోషాలూ తొలగిపోతాయని ఈ శాస్త్రం ఘోషిస్తుంది. అసలు యజమాని ఒకరు ఉన్నారని ఒప్పుకోవడం, ఆ యజమాని ఎవరో చెప్పకుండా దాటవేయడం, ఆయన అనుమతి లేదన్న సంగతిని సొంత చేతులతో రాసి పెట్టడం అనే మూడింటినీ ఒకే వాక్యంలో సాధించిన మంత్రం ఇంకొకటి ఉండదు. మరింత జాగ్రత్తపరులు వీడియో కింది వివరణలో ‘1976 కాపీరైట్ చట్టం, సెక్షన్ 107 ప్రకారం’ అంటూ ఒక పేరాను అతికిస్తారు. అది విమర్శ, వ్యాఖ్యానం, బోధన వంటి అవసరాలకు ఇతరుల రచనను కొంతమేరకు వాడుకోనిచ్చే అమెరికా చట్టంలోని నిబంధన. భారతీయ చట్టంలో ఆ పాత్ర పోషించేది సెక్షన్ 52, అసలు ఆ చట్టం 79వ సెక్షన్‌తోనే ముగిసిపోతుంది. లేని 107వ సెక్షన్ మీద ఇంత మందికి ఇంత గురి కుదరడం చట్టాన్ని చదవకుండానే గౌరవించే తెలుగువారి సంస్కారానికి తార్కాణం.

నాలుగవది ముప్పై శాతం సూత్రం. ఇతరుల బొమ్మలో ముప్పై శాతం మార్చితే అది సొంతమవుతుందని ఈ శాస్త్రకారుల దృఢవిశ్వాసం. తామరను చిలకగా, ఎరుపును పసుపుగా మార్చినప్పుడు అది ముప్పై శాతానికి చేరిందా, ఇరవై తొమ్మిది దగ్గర ఆగిందా అని కొలిచే తక్కెడ ఏదో మాత్రం ఎవరూ చెప్పరు. అలాంటి శాతమేదీ భారతీయ చట్టంలో లేదు. తన ‘హమ్ హిందుస్తానీ’ నాటకాన్ని ‘న్యూ ఢిల్లీ’ సినిమాగా కాపీ కొట్టారంటూ ఆర్.జి. ఆనంద్ అనే నాటకకర్త వేసిన కేసులో సుప్రీంకోర్టు 1978లో రెండు సంగతులు తేల్చింది. ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదు, వాటిని చెప్పిన తీరుకే ఉంటుంది అన్నది ఒకటి. రెండింటినీ చూసిన ప్రేక్షకుడికి రెండవది మొదటిదాని నకలే అన్న అభిప్రాయం నిస్సందేహంగా కలుగుతుందా లేదా అన్నదే గీటురాయి అన్నది రెండవది. ఆ కేసులో నాటకకర్త ఓడిపోయాడు. చుక్కల ముగ్గులో చిలకను కూర్చోబెట్టాలన్న ఆలోచన తమదేనని వాదించేవారికి ఈ తీర్పు బొత్తిగా అనుకూలం కాదు కనుకనే కాబోలు, గ్రూపుల్లో దాని ప్రస్తావన వినబడదు.

ఇక విచారణ పద్ధతి. ఫిర్యాది రెండు బొమ్మల స్క్రీన్‌షాట్లను పక్కపక్కన పెట్టి, పోలిక ఉన్నచోట ఎర్ర సున్నాలు చుట్టి, ‘మీరే చెప్పండి ఫ్రెండ్స్’ అని తీర్పును లోకానికి వదిలేస్తుంది. ప్రతివాదికి నోటీసు ఇవ్వడం, ఆమె మాట వినడం వంటి జాప్యాలు ఇక్కడ లేవు. ఆమెకు సంగతి తెలిసేసరికి తీర్పు వచ్చేసి ఉంటుంది. సాక్ష్యాధారాల బరువును ఫాలోయర్ల సంఖ్యను బట్టి నిర్ణయిస్తారు కనుక, నోరున్నవాడిదే రాజ్యమన్న పాత నానుడికి ఇక్కడ అంకెల రూపం వచ్చింది. ‘అక్కా, ఈ ముగ్గు మా నాయనమ్మ వేసేది’ అని ఎవరైనా అమాయకురాలు వ్యాఖ్య రాస్తే, దాన్ని కుట్రలో భాగంగా పరిగణించి ఆమెను సహనిందితురాలిగా చేరుస్తారు. అడ్మిన్ తీర్పు చెప్పడం, ఓడినవారిని బ్లాక్ చేయడం, వారు పాత గ్రూపు పేరుకు ముందు ‘అసలైన’ అన్న మాట చేర్చి కొత్త గ్రూపు పెట్టుకోవడంతో విచారణ ముగుస్తుంది. పైకోర్టు అంటే ఆ కొత్త గ్రూపే.

ఈ శాస్త్రంలోని అసలు రహస్యం మాత్రం ఫిర్యాది సొంత వీడియోలోనే దొరుకుతుంది. తన మెలికల ముగ్గును పక్క ఛానలు వారు దొంగిలించారని వాపోయే ఆ వీడియో వెనక, మొదటి చుక్క నుంచి చివరి గీత దాకా ఒక సినిమా పాట సాగుతూ ఉంటుంది. ఆ పాటకు రచయిత, స్వరకర్త, గాయకులు, ఆడియో కంపెనీ ఉన్నారు. వారిలో ఎవరినీ ఎవరూ అడగలేదు. అప్‌లోడ్ అయిన ప్రతి వీడియోలోని శబ్దాన్నీ దృశ్యాన్నీ హక్కుదారులు ముందే ఇచ్చిన నమూనాలతో పోల్చి చూసే కంటెంట్ ఐడీ అనే యంత్రాంగాన్ని యూట్యూబు 2007 నుంచి నడుపుతోంది. అది పాటను గుర్తుపట్టగానే ప్రకటనల రాబడి కంపెనీ ఖాతాకు మళ్లవచ్చు, లేదా వీడియోనే ఆగిపోవచ్చు. అప్పుడు మన ఫిర్యాది ఎర్ర సున్నాలు చుట్టదు, ‘మీరే చెప్పండి ఫ్రెండ్స్’ అనదు; కిక్కురుమనకుండా పాట తీసేసి మరో పాట పెట్టుకుంటుంది. బలవంతుడి హక్కు కంటపడినప్పుడు అణకువ, సాటి గృహిణి మీద మాత్రం ఆగ్రహం చూపడమే ఈ శాస్త్రంలో ఏ సూత్రంగానూ రాయని, అన్ని సూత్రాలనూ నడిపించే ధర్మం. ఇక్కడ కాపీరైట్ అంటే కింది వైపుకే ప్రవహించే చట్టం.

ఇది నవ్వి ఊరుకోదగిన ముచ్చట కాకపోవడానికి కారణం ‘కేసు పెడతాం’ అన్న బెదిరింపు. తెలిసి తెలిసి కాపీరైట్‌ను ఉల్లంఘించడానికి చట్టంలోని 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2,00,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. వ్యాపార లాభం కోసం చేయని సందర్భాల్లో శిక్ష తగ్గించే వీలు కోర్టుకు ఉన్నా, వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయదగిన నేరమే ఇదని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆదివారం పొద్దున వాకిట్లో చిలక ముగ్గు వేసి ఫోటో పెట్టిన మనిషికి మధ్యాహ్నానికల్లా ఈ సెక్షన్ నంబరు మెసేజీలో చేరితే ఆమె పాలిపోవడంలో వింత లేదు. అయితే బెదిరించేవారు చదవని 60వ సెక్షన్ కూడా అదే చట్టంలో ఉంది. లేని ఉల్లంఘనను చూపి నిరాధారంగా కేసుల పేరుతో బెదిరిస్తే, ఆ బెదిరింపుకు గురైనవారే కోర్టుకు వెళ్లి దాన్ని ఆపించవచ్చు, నష్టపరిహారమూ కోరవచ్చు. వీడియో మీద యూట్యూబుకు తప్పుడు ఫిర్యాదు చేసి ఛానలుకు హెచ్చరిక పడేలా ‘స్ట్రైక్ వేయించడం’ కూడా ఈ కోవలోని ఘనకార్యమే. మూడు స్ట్రైకులు కూడితే ఛానలే పోయే ప్రమాదం ఉన్నందున, పోటీదారుల పీడ వదిలించుకోవడానికి దీన్ని మించిన చవక మార్గం లేదని గ్రహించినవారు గ్రహించారు.

ఈ గందరగోళంలో నిజంగా నష్టపోయేది నిజమైన హక్కు ఉన్నవారే. సొంతంగా ఊహించి గీసిన కొత్త ముగ్గు చట్టం దృష్టిలో చిత్రలేఖనమే. దానికి కళావిలువ ఉందా లేదా అని కూడా చట్టం అడగదు, రిజిస్ట్రేషన్ కావాలని పట్టుబట్టదు, గీసిన నాటి నుంచే హక్కు పుడుతుంది, కర్త మరణానంతరం 60 ఏళ్ల దాకా నిలుస్తుంది. ముగ్గు పాతదే అయినా దాన్ని వేస్తూ తీసిన వీడియోకు, ఫోటోకు వేరే హక్కు ఉంటుంది. ఆ వీడియోను యథాతథంగా దించుకుని, గొంతు తీసేసి, తమ ఛానల్లో పెట్టుకోవడం ఏ కోణం నుంచి చూసినా ఉల్లంఘనే. కాని 169 చుక్కల మీద చుట్టిన పాత మెలికకు జరిగే రభస, దొంగిలించిన వీడియోకు జరిగే న్యాయమైన గొడవ ఒకే గొంతుతో, ఒకే ఎర్ర సున్నాలతో వినిపించడం వల్ల, రెండింటికీ తేడా తెలియని జనం ‘ముగ్గుల దగ్గర కూడా ఇన్ని గొడవలా’ అని రెండింటినీ కొట్టిపారేస్తున్నారు. మరొకరి ముగ్గును చూసి సొంత వాకిట్లో వేసుకోవడం దొంగతనం కాదని, వ్యక్తిగత వినియోగానికి చట్టమే చోటిచ్చిందని, అలా వేసుకున్నప్పుడు ఫలానావారి దగ్గర చూశానని ఒక మాట రాస్తే ఇద్దరికీ గౌరవమని చెప్పేవారికి మాత్రం ఫాలోయర్లు తక్కువ.

ఈ తగవులు తీరడానికి కొత్త చట్టాలు అక్కర్లేదు, అడ్మిన్లకు కొత్త అధికారాలూ అక్కర్లేదు. ఫిర్యాదు చేయదలచినవారు ముందుగా ఒక కాగితం మీద, ఆ ముగ్గులో ఇతరుల దగ్గర నేర్చుకున్నది ఎంతో, ఏ పుస్తకంలో చూసినది ఎంతో, వీడియో వెనక వినిపించే పాట ఎవరిదో, ఇవన్నీ తీసేయగా తాము సొంతంగా చేర్చినది ఎంతో విడివిడిగా రాసి జతపరచాలన్న ఒక్క నిబంధన పెడితే సరిపోతుంది. నిజంగా చేర్చినది ఉన్నవారు ఆ గడిని నిమిషంలో నింపుతారు, మిగిలినవారి తగవులు ఆ కాగితం దగ్గరే పరిష్కారమవుతాయి.